ఆపత్కాలమున చేతిపెట్టె రేడియో

గ్రామపెద్దలారా,

తుపాను వచ్చుటకు ముందు ఏమి చేయవలయునో మీరు పలుమారులు వినియున్నారు. నేను ఈనాడు ముఖ్యముగ చెప్పదలచినది తుపాను విరుచుకొనిపడిన పిమ్మటి సంగతి. వాన తగ్గినది, నీరు తీయుచున్నది, బ్రతికినవారు మిట్టలకును బడిమేడలకును చేరినారు. అప్పుడు వారికి కావలసినదేమి? అన్నము, మంచినీరు, మందు అని మనమందఱము చెప్పుదుము. అది నిజమే. కాని బియ్యపుబండి ఏ యూరిలో ఆగినదో, ఏ బావినీరు త్రాగదగినదో, ఏ వంతెన నిలిచియున్నదో, తప్పిపోయిన బిడ్డ ఏ శిబిరములో నున్నదో చెప్పువారు లేనిచో, పొరుగూరిలో దింపిన బియ్యము మన యూరి ఆకలిని తీర్పజాలదు. వార్తయు సహాయద్రవ్యములలో నొకటియే. విద్యుత్తు లేనిచోట, ఫోను పలుకనిచోట, బాట తెగినచోట ఆ వార్తను అందించుటకు ఒక చిన్న సాధనము కలదు. చేతితో మోయదగిన పెట్టెలో నిముడు రేడియో ప్రసారకేంద్రమే ఆ సాధనము. దానిని గూర్చియే నా ప్రసంగము.

మొదట మన యనుభవమునే తలచుకొందము. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను మీలో పెద్దవారు మఱచియుండరు. సముద్రము మూడు నిలువుల యెత్తున లేచి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతముల పల్లెలపై బడినది. సుమారు పదివేలమంది మరణించిరని ప్రభుత్వపు లెక్కలే చెప్పినవి. స్తంభములు కూలినవి, తీగలు తెగినవి, బాటలు నీటిలో మునిగినవి. ఏ పల్లెలో ఎందఱు మిగిలిరో పక్క పల్లెకు తెలియరాలేదు.

ఇటీవలి సంగతి చెప్పుదును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీదుగా తీరము దాటినది. తుపానునకు నడుమ కన్ను అనబడు ప్రశాంతమైన చోటు ఒకటి ఉండును. అది మన తలమీదుగా పోవునపుడు గాలి నిలిచిపోవును. ఒకప్పుడు ఆకాశముకూడ తెల్లబడును. ఆపద గడిచినదని జనులు బయటికి వత్తురు. కొంతసేపటికి గాలి ఎదురుదిక్కునుండి వెనుకటి బలముతోనే వీచును. విశాఖవాసులు ఆనాడు ఈ రెండు గాలులను చూచిరి. అట్టి నడిమి గడియలో “ఇంకను తలుపు తీయకుడు, రెండవ గాలి రానున్నది” అను ఒక్క మాట చెవిని బడినచో ఎన్నో ప్రాణములు దక్కును.

అందఱిచేతులలోను సెల్‌ఫోను ఉన్న ఈ కాలమున రేడియో యెందులకని మీరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. తుపాను రాకముందు ఫోనునకు వచ్చు హెచ్చరికలు మిక్కిలి ఉపయోగకరములు. వానిని నిర్లక్ష్యము చేయరాదు. కాని ఫోను గొలుసువంటిది. మన చేతిలోని ఫోను, ఊరిచివరి టవరు, దానికి వచ్చు విద్యుత్తు, అది పోయినపుడు ఆదుకొను బ్యాటరీ, టవరును దూరపు కేంద్రముతో కలుపు కేబులు, ఇవన్నియు నిలిచినగాని మాట సాగదు. ఒక్క కొలికి తెగినను గొలుసంతయు వ్యర్థమే. టవరు నిలిచినను, ఆపదవేళ అందఱును ఒక్కమారుగా మాటాడబోవుటచే దారి ఇఱుకై మాట చొరదు. రేడియో అట్లు కాదు. ఒకడు పలుకును, అందఱును విందురు. పదిమంది విన్నను పదివేలమంది విన్నను ప్రసారయంత్రమునకు భారము ఒక్కటే.

అయినచో ఆకాశవాణివంటి పెద్ద కేంద్రములు చాలవా యనునది రెండవ ప్రశ్న. వాని సేవ గొప్పది. కాని అవి పెద్ద సీమకంతకును పలుకవలయును. మన వీధికి నీళ్ళబండి ఏ వేళకు వచ్చునో చెప్పుటకు వానికి వీలుపడదు. మఱియు పెద్ద కేంద్రమే ఆపదలో చిక్కుకొనవచ్చును. 2014 సెప్టెంబరులో శ్రీనగరమును వరద ముంచినపుడు అక్కడి రేడియో కేంద్రముకూడ నీటిపాలై కొన్నినాళ్ళు మూగవోయినది. చేతిపెట్టె కేంద్రమైనచో పడవలోగాని, జీపులోగాని, మనిషి భుజముపైగాని వచ్చి చేరగలదు.

ఇక ఆ పెట్టెలో ఏమున్నది? మాటను విద్యుత్తుగా మార్చు మైక్రోఫోను, రెండుమూడు ధ్వనులను కలిపి సరిచూచు మిక్సరు, ఆ విద్యుత్తును రేడియో తరంగములుగా చేయు ప్రసారయంత్రము, తరంగములను ఆకాశమునకు విడుచు ఏరియలు, దానికి పోవు కేబులు, ఇంతే. నేర్చినవారు ఇద్దఱుండినచో కొన్ని గంటలలో నిలబెట్టవచ్చును.

విద్యుత్తు మాట. 50 వాట్ల బలముగల ప్రసారయంత్రమునకు తక్కిన పరికరములతో కలిసి ఇంచుమించు 100 వాట్లు కావలయుననుకొందము. 12 వోల్టుల, 60 ఆంపియరు గంటల బ్యాటరీలో 720 వాటు గంటల శక్తి యుండును. దానిని పూర్తిగ పిండినచో ఏడు గంటలు నడచును. కాని బ్యాటరీ చెడకుండుటకు సగమే వాడవలయును గనుక మూడున్నర గంటలని లెక్కించుట మేలు. గంటకు పావుగంట చొప్పున పలికి తక్కినవేళ యంత్రమును ఆపివేసినచో ఆ మూడున్నర గంటలే 14 గంటల కాలమునకు వచ్చును. ఆ లోపల కారు ఇంజనుచేతగాని ఎండపలకచేతగాని బ్యాటరీని మరల నింపుకొనవచ్చును. వినువారికిని ఇది మేలే. ప్రతి గంటయు మొదటి పావుగంటయే వార్త యని తెలిసినచో వారు తమ సెట్టులోని సెల్లులను ఆదా చేసికొందురు.

ఎంత దూరము వినబడును? 88 మొదలు 108 మెగాహెర్ట్జుల నడుమ పలుకు ఎఫ్.ఎం. తరంగములు దాదాపు మన చూపువలెనే తిన్నగా పోవును. కొండ యడ్డమైనచో ఆగును. కనుక యంత్రబలముకంటె ఏరియలు ఎత్తు ముఖ్యము. చదునైన నేలపై 30 మీటర్ల యెత్తున ఏరియలు కట్టినచో సుమారు 20 కిలోమీటర్ల మేర మాట అందును. దూరము రెట్టింపు కావలెనన్నచో ఎత్తు నాలుగింతలు చేయవలయును. మనవంటి సముద్రతీరపు మైదానములలో గట్టి మంచినీటిట్యాంకుగాని, ఎత్తైన మేడగాని చాలును.

ఎత్తును గూర్చి జపానుదేశము నేర్పిన కఠినమైన పాఠమొకటి కలదు. 2011 మార్చి 11వ తేదీన సునామి వచ్చినపుడు మినమిసన్రికు అను పట్టణమున పురపాలక ఉద్యోగిని యొకతె విపత్తు నివారణ భవనమునుండి లౌడుస్పీకర్లద్వారా “ఎత్తైన చోటికి పారిపొండు” అని పలుకుచునే యుండెను. ఆ మాట విని ఎందఱో బ్రతికిరి. నీరు ఆ మూడంతస్తుల భవనమును దాటి లేచినది. ఆమె తిరిగి రాలేదు. ఆమె ధైర్యమునకు నమస్కరింపవలసినదే. కాని హెచ్చరించువాని ప్రాణమును నిలువవలయును. ప్రసారపు చోటు నీరు రాగల యెత్తుకంటె చాల ఎగువన ఉండవలెననుటయే మనము గ్రహింపవలసినది.

ఆపద వెంట ఎల్లప్పుడును వదంతి వచ్చును. అదియు ప్రాణములు తీయును. ఇందులకు నిదర్శనము మరల జపానులోనే కలదు. 1923 సెప్టెంబరు 1వ తేదీన తోక్యో, యొకొహామా నగరములను భూకంపమును అగ్నియు నాశనము చేసినవి. పత్రికాలయములు కాలిపోయినవి, రేడియో ఇంకను ఆ దేశమునకు రాలేదు. కొరియావారు బావులలో విషము కలిపిరని, ఇండ్లకు నిప్పు పెట్టిరని కట్టుకథలు పుట్టి వ్యాపించినవి. ఆ మాటలు నమ్మిన గుంపులు నిరపరాధులైన కొరియనులను వేల సంఖ్యలో చంపివేసిరి. భూకంపమునకు చావక మిగిలినవారు వదంతికి చచ్చిరి. 1925లో తోక్యోనుండి రేడియో ప్రసారములు మొదలైనవి.

తిరిగి 1995 జనవరి 17వ తేదీ తెల్లవారుజామున కోబే నగరమున భూకంపము సంభవించి 6,400 మందికి పైగా మరణించిరి. ఆ నగరములో నగాతా యను పేట కలదు. అక్కడి చెప్పుల కర్మాగారములలో కొరియనులును వియత్నామువారును పెక్కండ్రు పనిచేయుచుండిరి. జపాను భాష చక్కగ రానివారికి ప్రభుత్వపు ప్రకటనలు అందలేదు. ఆ నెల ముగియకముందే కొరియనులు తమ భాషలో చిన్న ప్రసారకేంద్రము నొకటి ఆరంభించిరి. ‘యొబొసెయో’ అని దానికి పేరు. ఫోనులో మనము ‘హలో’ అన్నట్లు వారి మాట. కొంతకాలమునకు వియత్నామీయులకొఱకును మఱియొకటి వెలసినది. తరువాత అవి రెండును కలిసి అనుమతి పొందిన కేంద్రమైనవి. 1923లో వదంతికి బలియైన జాతివారు 1995లో తమ నోటితో తామే వార్త చెప్పుకొనగలిగిరి. 72 సంవత్సరములలో వచ్చిన మార్పు ఇది.

ఆ యేడే ఫిబ్రవరిలో హ్యోగో రాష్ట్రప్రభుత్వము కూడ తాత్కాలిక విపత్తు ప్రసారకేంద్రమును స్థాపించినది. ఆ దేశపు పద్ధతి ప్రకారము ఆపద జరిగినచోటి పురపాలకసంఘము నోటిమాటగా, ఫోనులోనైనను, కోరినచో వెంటనే అనుమతి లభించును. కాగితములు తరువాత చూచుకొందురు. 2011 సునామి పిమ్మట ఇట్టి తాత్కాలిక కేంద్రములు సుమారు 30 వెలసినవి. నీళ్ళు ఎక్కడ పంచుదురు, ఏ వైద్యశాల తెఱచియున్నది, బస్సులు ఎంతవఱకు పోవును, ఇట్టివియే వాని వార్తలు. దూరపువారికి ఇవి చిన్న సంగతులు, అక్కడివారికి ప్రాణాధారములు.

ఫిలిప్పీను దీవుల కథ మనకు మఱింత దగ్గఱిది. ఏలయనగా వారిదియు మనదియు ఉప్పెన బాధయే. 2013 నవంబరు 8వ తేదీన హయాన్ అను పెనుతుపాను వారిపై బడినది. 6,300 మంది మరణించిరని ప్రభుత్వము ప్రకటించినది. టాక్లోబాను నగరమున మిక్కిలి నష్టము కలిగినది. తుపాను వచ్చునని ముందుగనే చెప్పిరి. ‘స్టార్మ్ సర్జ్’ వచ్చునని కూడ చెప్పిరి. కాని ఆ యింగ్లీషు మాటకు అర్థము సామాన్యజనులకు తెలియలేదు. బలమైన గాలివాన యనుకొని పలువురు ఇండ్లలోనే నిలిచిరి. సునామివంటి నీరు వచ్చునని చెప్పియున్నచో పారిపోయియుందుమని బ్రతికినవారు పలువురు తరువాత అనిరి. హెచ్చరిక చెవికి చేరినది గాని మనస్సునకు చేరలేదు.

మనకు భగవంతుడు చక్కని మాట నిచ్చియున్నాడు. ఉప్పెన అనినచో తీరములోని బిడ్డకుకూడ తెలియును. అట్టి మాట ఉండగా ‘తుపాను తరంగోద్ధృతి’ యని పలుకుట వింతగదా! నీరు నాలుగు మీటర్లు లేచుననుటకంటె, “పూరింటి కప్పు మునుగును, తాటిచెట్టు నడుమువఱకు రావచ్చును” అని చెప్పుట మేలు. 2008 అక్టోబరు 15వ తేదీన మాచనూరులో, నేటి సంగారెడ్డి జిల్లాలో, దక్కను అభివృద్ధి సంఘము ఆధ్వర్యమున సంగం రేడియో ప్రారంభమైనది. దానిని నడిపినవారు పల్లెల దళిత స్త్రీలే. వారు తమ యింటిమాటలోనే విత్తనములను గూర్చియు, పంటలను గూర్చియు పలికిరి. ఊరివారు విని తమవారి మాటగా నమ్మిరి. రేడియోలో మాటాడుటకు పట్టణపు భాష అక్కఱలేదని వారు చూపిరి. ఆపత్కాలమున ఆ నమ్మకమే పెన్నిధి.

టాక్లోబానునకు మరల వత్తము. అక్కడ ఫస్ట్ రెస్పాన్స్ రేడియో అను సంస్థవారు పెట్టెలలో ప్రసారసామగ్రిని తెచ్చుకొని, తుపాను వచ్చి వారము తిరుగకముందే ‘రేడియో అబాంటె’ అను పేర ప్రసారములు ఆరంభించిరి. తుపాను మొదట తాకిన గీవాన్ పట్టణమున ఇంటర్న్యూస్ అను మఱియొక సంస్థ ‘రేడియో బక్దావ్’ను నెలకొల్పినది; అక్కడివారి భాషలో ఆ పేరునకు తిరిగి లేచుట యని యర్థము. ఫోనులు మరల పలుకనారంభించినపిమ్మట శ్రోతలు సందేశములద్వారా ప్రశ్నలు పంపిరి: మా పేటకు బియ్యము ఎప్పుడు వచ్చును? రేకులు ఎవరికి ఇత్తురు? ప్రసారకులు ఆ ప్రశ్నలను అధికారులముందుంచి, వచ్చిన జవాబులను పలికిరి. రేడియో అధికారి నోరే కాక, బాధితుని నోరు కూడ కాగలదని దీనివలన తెలియుచున్నది.

ఇచ్చట ఒక భేదము చెప్పవలయును. ప్రసారము ఒకవైపు పోవునది. బయటి లోకముతో ఇరువైపుల మాటాడుటకు అమెచ్యూర్ రేడియో యనునది వేఱుగ కలదు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామి అండమాను దీవులను తాకినపుడు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీప్రసాదుగారు తమ బృందముతో నాటి పోర్టుబ్లెయిరులో నుండిరి. తాము తీసికొనిపోయిన యంత్రములతోనే వారు దీవుల క్షేమసమాచారమును దేశమునకు అందించిరి. ఒకటి వార్తను బయటికి చేర్చును. రెండవది సహాయవార్తను ఇంటింటికి పంచును. రెండును ఉన్నచోటు ధన్యము.

ప్రసారము చేయువానికి కొన్ని నియమములు కలవు. ప్రతి వార్తకును ఎవరు చెప్పిరో, ఏ వేళ చెప్పిరో తెలుపవలయును. నిన్నటి వార్తను నేటిదిగ చదువరాదు. ముఖ్యమైన మాటను మూడుమారులు పలుకవలయును. నిర్ధారణ కానిదానిని పలుకరాదు. వదంతిని ఖండింపవలసివచ్చినచో దానిని వర్ణింపక, సత్యమునే మొదట చెప్పవలయును. ఒంటరిగనున్న పిల్లల చోటును లోకమునకు చాటరాదు. శిబిరపు అధికారి పేరు మాత్రము చెప్పవలయును. తిరిగి ఏ గంటకు పలుకుదుమో చెప్పి ముగింపవలయును.

మన దేశమున అనుమతి లేక ప్రసారము చేయుట నేరము. కనుక ఊరివారు తమంతట తాము ఏరియలు కట్టరాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము ప్రతి జిల్లాకును కలెక్టరు అధ్యక్షతన ఒక సంస్థ కలదు. మన సీమకు చేతిపెట్టె కేంద్రమొకటి సిద్ధముగ నుంచవలెనని, దాని అనుమతి ముందుగనే పొందియుంచవలెనని తీరపు పంచాయితీలన్నియు కలిసి ఆ సంస్థకు విన్నవించుకొనవలయునని నా మనవి. ఆపద వచ్చిన పిమ్మట కాగితములు వ్రాయుట ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుటవంటిది.

ఇక మీ చేతిలో నున్న పనులు. పంచాయితీలో సెల్లులతో నడచు రేడియోలు రెండుంచుడు. సెల్లులను సెట్టులో నుంచినచో కారి యంత్రమును పాడుచేయును. విడిగ పొడిచోట దాచి, ప్రతి అమావాస్యనాడు వేసి చూడుడు. పిడి త్రిప్పిన నడచు సెట్టులును ఉన్నవి. 1990ల దశకమున ఆంగ్లేయుడైన ట్రెవర్ బేలిస్ వానిని ప్రచారములోనికి తెచ్చెను. కొన్ని ఫోనులలోను ఎఫ్.ఎం. రేడియో ఉండును, దానికి చెవితీగయే ఏరియలు గనుక ఆ తీగను పాఱవేయకుడు. అట్టి రేడియోను ఫోనులలో ఆపివేయరాదని 2023లో కేంద్రప్రభుత్వము ఫోనులు చేయువారికి సూచించినది.

వినువారిని ఇద్దఱిని నియమింపుడు. ఒకరు వినుచుండగా ఒకరు గంటతోసహా వ్రాసికొనవలయును. ఆ వార్తను దండోరాచేతను, పలకపై వ్రాతచేతను, గుడి, మసీదు, చర్చి మైకులు పనిచేయుచున్నచో వానిచేతను ఊరంతటికి చేర్చుడు. ఎవరికి చేరదో ముందుగనే జాబితా వ్రాసికొనుడు: చెవులు వినబడనివారు, ఒంటరి వృద్ధులు, ఊరికి దూరమైన వాడలు, చెఱువుల కావలివాండ్రు, ఇటుకబట్టీలలో పనిచేయు ఒరియావారు, హిందీవారు. నగాతా పేట కథ మనకు చెప్పునది ఇదే. తెలుగు రాని కూలివాని ప్రాణముకూడ మన యూరి ప్రాణమే.

చివరిమాట. యంత్రము మాటను మీ చావడివఱకు తేగలదు. అక్కడినుండి దానిని నమ్మకముగ మార్చువారు మీరే. రేడియో “కదలుడు” అన్నపుడు ఊరు మీ ముఖము చూచును. పెద్దాయన కదలలేదు, మనకేల యని పదిమంది ఆగుదురు. పెద్దాయన మూట కట్టినాడని తెలిసినచో ఊరంతయు మూటలు కట్టును. కనుక హెచ్చరిక విన్నపుడు మొదట మీరు లేవుడు, మీ యింటివారిని మొదట పంపుడు. రానున్న తుపానుల కాలమునకు ముందే ఒకనాడు చావడిలో కూర్చుండి, సెట్టు ఎవరికడ నుండునో, వ్రాయువారెవరో, చాటువారెవరో నిర్ణయింపుడు. ఆ పనికి ఒక్క సాయంకాలము చాలును.